పసిమెదడు, మత్తుమందు: ఒక భయం పుట్టుపూర్వోత్తరాలు

1980ల నడిమి దాకా పాశ్చాత్య దేశాల పెద్ద ఆసుపత్రుల్లో సైతం, నెలలు నిండకుండా పుట్టిన శిశువుకు గుండె దగ్గరి రక్తనాళాన్ని మూసే ఆపరేషన్ చేసేటప్పుడు, కదలకుండా కండరాలను సడలించే మందుతో పాటు తేలికపాటి మత్తు వాయువైన నైట్రస్ ఆక్సైడ్ కాస్త ఇచ్చి సరిపెట్టడం మామూలుగా ఉండేది. పసికందుకు నొప్పి తెలియదన్న నమ్మకం ఒకటి, గాఢమైన మత్తును ఆ చిన్న ప్రాణం తట్టుకోలేదన్న జంకు మరొకటి. ఆక్స్‌ఫర్డ్‌లో కె.జె.ఎస్. ఆనంద్ బృందం 1987లో ఈ పద్ధతికి ఫెంటానిల్ అనే బలమైన నొప్పినివారిణిని జోడించి చూసింది. ఆ మందు అందిన శిశువుల్లో ఒత్తిడి హార్మోన్లూ తగ్గాయి, ఆపరేషన్ తరువాతి చిక్కులూ తగ్గాయి. మత్తు వల్ల కలిగే హాని గురించిన చర్చ మొదలయ్యేనాటికే, చాలినంత మత్తు ఇవ్వకపోవడం వల్ల కలిగే హాని ఇలా రుజువై ఉంది.

ఆ చర్చకు బీజం ఎలుకల్లో పడింది. ఎదిగే మెదడులో తగినన్ని సంకేతాలు అందని నాడీకణం తనంతట తానే చచ్చిపోతుంది. మత్తుమందులు చేసే పని సంకేతాలను అణచడమే కనుక, ఆ కాలంలో ఇస్తే అక్కరకు రావలసిన కణాలు కూడా రాలిపోవచ్చునని జాన్ ఓల్నీ బృందం 1999లో తొలి ఆధారాలు చూపింది. 2003లో యెవ్‌టోవిచ్-టోడోరోవిచ్ బృందం ఏడు రోజుల ఎలుకపిల్లలకు మిడాజోలం, నైట్రస్ ఆక్సైడ్, ఐసోఫ్లూరేన్ అనే మూడు మత్తుమందులు కలిపి ఆరు గంటలు ఇచ్చింది. మెదడులో విస్తారంగా కణాలు నశించడమే కాక, ఆ ఎలుకలు పెద్దయ్యాక కూడా నేర్చుకోవడంలో వెనుకబడ్డాయి. అయితే ఎలుక మెదడు ముమ్మరంగా పెరిగేది దాదాపు మూడు వారాలే. మనిషికి ఆ దశ గర్భంలోని చివరి నెలల నుంచి మూడేళ్ల వయసు దాకా సాగుతుంది. ఎలుకకు గడిచిన ఆరు గంటలను బిడ్డకు ఎన్ని గంటలుగా లెక్కగట్టాలి? (జంతువుల్లో తేలినది మనిషికి వర్తిస్తుందా అన్న పేచీ మనకు కొత్తది కాదు. నిజాం సొమ్ముతో 1889లో హైదరాబాదులో కూర్చున్న క్లోరోఫాం కమిషన్ కుక్కల మీద ప్రయోగాలు చేసి, ఆ మత్తుమందుతో గుండెకు ముప్పు లేదంది. ఆ మాట తరువాత నిలవలేదు.)

పిల్లల లెక్కలు 2009లో అమెరికాలోని మేయో క్లినిక్ అనే వైద్య సంస్థ పరిశోధకుల చేతికి వచ్చాయి. మిన్నెసోటాలో 1976–82 మధ్య పుట్టిన 5,357 మందిలో, నాలుగేళ్ల లోపు ఒక్కసారే మత్తు తీసుకున్నవారికి చదువు ఇబ్బందుల ముప్పు పెరగలేదు, రెండు అంతకుమించి తీసుకున్నవారికి పెరిగింది. తరువాత ఏడు దేశాల్లో 722 మంది శిశువులతో 'గ్యాస్' అనే పేరుతో జరిగిన పరీక్ష ఇంతకన్నా గట్టిది. హెర్నియా ఆపరేషన్‌కు వచ్చిన ఆ శిశువుల్లో ఎవరికి పూర్తి మత్తునిచ్చే వాయువు సెవోఫ్లూరేన్, ఎవరికి మెలకువగా ఉండగానే వెన్నులో ఇచ్చే మత్తు అన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించారు. సెవోఫ్లూరేన్ ఇచ్చిన వ్యవధి మధ్యస్థంగా 54 నిమిషాలు. ఐదేళ్ల వయసులో రెండు వర్గాల సగటు ఐక్యూ దాదాపు 99 దగ్గరే నిలిచింది.

ఈలోగా 2016 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, మూడేళ్లలోపు పిల్లలకు, చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణులకు మూడు గంటలు దాటిన లేదా పదేపదే ఇచ్చే మత్తు విషయంలో హెచ్చరిక చేసింది. చిన్న ఆపరేషన్‌ను ఆ హెచ్చరిక చూసి వాయిదా వేసుకోవడం నా దృష్టిలో అనవసరం. అసలు చిక్కు అది చెప్పిన మూడు గంటల దగ్గరే ఉంది: ఆ వయసులో అంతసేపు మత్తులో ఉండేది ఎక్కువగా పుట్టుకతో గుండె లోపాలున్నవాళ్లు, పెద్ద శస్త్రచికిత్సలు తప్పనివాళ్లు. వాళ్ల ఎదుగుదలలో లోటు కనిపిస్తే అందులో జబ్బు పాలెంతో, మందు పాలెంతో విడదీయడానికి, మత్తు లేకుండా ఆపరేషన్ చేసిన మరో వర్గం పోల్చేందుకు దొరకదు.