అప్‌డేట్ వచ్చే దారి ఎవరిది?

వెబ్‌సైట్లు కట్టుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ మీద గొడవ మళ్లీ రాజుకుంది. వర్డ్‌ప్రెస్ సైట్లకు సర్వర్లలో చోటిచ్చే హోస్టింగ్ కంపెనీ డబ్ల్యూపీ ఇంజిన్ తమ ట్రేడ్‌మార్కులను అడ్డగోలుగా వాడుకుందంటూ, వర్డ్‌ప్రెస్ సహ వ్యవస్థాపకుడు మాట్ ముల్లెన్‌వెగ్ నడిపే ఆటోమాటిక్ 2025 అక్టోబరులో ఎదురు దావా వేశాక చర్చంతా పేరు మీదికి మళ్లింది. కానీ క్లినిక్‌కో, కాలేజీకో, పచ్చళ్ల వ్యాపారానికో వర్డ్‌ప్రెస్‌లో సైటు కట్టించుకున్నవాళ్లకు ఈ గొడవలో ముప్పు పేరు వల్ల రాలేదు. అప్‌డేట్లు వచ్చే దారిలోనే వచ్చింది.

వర్డ్‌ప్రెస్ పుట్టింది 2003లో. అసలు మలుపు 2013 అక్టోబరులో ఉంది. అప్పటిదాకా భద్రతా అప్‌డేట్ వస్తే యజమాని డ్యాష్‌బోర్డ్‌లోకి, అంటే సైటు నిర్వహణ పేజీలోకి వెళ్లి నొక్కాల్సిందే. సైటు కట్టించి వదిలేసినవాళ్లు ఎందుకు నొక్కుతారు? పాత వెర్షన్లలోని లొసుగులు హ్యాకర్లకు తెరిచిన తలుపులయ్యేవి. 3.7 వెర్షన్ నుంచి చిన్న అప్‌డేట్లు వాటంతటవే ఎక్కడం మొదలైంది. 2020లో వచ్చిన 5.5 వెర్షన్‌తో, కావాలనుకుంటే ప్లగిన్లకూ (సైటుకు అదనపు పనులు నేర్పే చేర్పులకు) ఆ సదుపాయం దొరికింది. మంచి నిర్ణయమే. కాకపోతే ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా నడిపే సాఫ్ట్‌వేర్ తన భద్రత కోసం రోజూ వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ అనే ఒకే చిరునామాను అడగడం అలవాటు చేసుకుంది.

ఆ చిరునామా ఎవరిదో ఎవరూ పెద్దగా ఆరా తీయలేదు. 2010లో ఆటోమాటిక్ తన ట్రేడ్‌మార్కును లాభాపేక్ష లేని వర్డ్‌ప్రెస్ ఫౌండేషన్‌కు రాసిచ్చి, ఆ సంగతిని ఘనంగా ప్రకటించింది. వాణిజ్య వినియోగానికి ప్రత్యేక లైసెన్సు తిరిగి ఆటోమాటిక్ చేతికే వచ్చిందన్న విషయం మాత్రం అంతగా ప్రచారం కాలేదు. వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ కూడా ఫౌండేషన్‌దేనని చాలామంది నమ్మారు. అది ముల్లెన్‌వెగ్ సొంతమని 2024లో గొడవ కోర్టుకెక్కాక గానీ లోకానికి స్పష్టం కాలేదు.

ఈలోగా జరగాల్సింది జరిగింది. 2024 సెప్టెంబరు 20న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో జరిగిన వర్డ్‌ప్రెస్ సభలో ముల్లెన్‌వెగ్ డబ్ల్యూపీ ఇంజిన్‌ను దుమ్మెత్తిపోశారు. మర్నాడు ఆ కంపెనీని వర్డ్‌ప్రెస్‌కు పట్టిన క్యాన్సర్ అన్నారు. 25న డబ్ల్యూపీ ఇంజిన్‌కు వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ తలుపులు మూసేశారు. ఆ కంపెనీ దగ్గర సైటు పెట్టుకున్నవాళ్లకు డ్యాష్‌బోర్డ్ నుంచి ప్లగిన్లు, థీమ్‌లు అప్‌డేట్ చేసుకునే దారి పోయింది. వేగం కోసం, భద్రత కోసం నెలనెలా డబ్బు కట్టిన కస్టమర్లు వాళ్లు. కొద్ది రోజుల గడువిచ్చి మళ్లీ మూశారు. అప్పటికి డబ్ల్యూపీ ఇంజిన్ సొంత ఏర్పాటు చేసుకుని, అక్టోబరు 2న కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టుకెక్కింది.

అక్టోబరు 12న జరిగింది మరీ విడ్డూరం. లక్షల సైట్లలో ఉన్న ఏసీఎఫ్ అనే ప్లగిన్ డబ్ల్యూపీ ఇంజిన్‌ది. వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ ప్లగిన్ల జాబితాలో దాని పేజీని ముల్లెన్‌వెగ్ వర్గం స్వాధీనం చేసుకుని, పేరు మార్చి, తమ కోడ్ పెట్టింది. భద్రత కోసమే అన్నారు. ఆ ప్లగిన్‌లోని లొసుగును ఏసీఎఫ్ బృందం అంతకు కొద్ది రోజుల ముందే సరిచేసింది. ఉచిత వెర్షన్‌కు ఆటో అప్‌డేట్ పెట్టుకున్న సైట్లలోకి మాత్రం, యజమానికి తెలియకుండానే వేరొకరి కోడ్ వచ్చి కూర్చుంది. వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ లాగిన్ పేజీలో డబ్ల్యూపీ ఇంజిన్‌తో తమకు సంబంధం లేదని టిక్ పెట్టమనడం కూడా ఆ రోజుల ముచ్చటే. డిసెంబరు 10న జడ్జి అరసెలీ మార్టినెజ్-ఓల్గిన్ మధ్యంతర ఉత్తర్వులిచ్చి యథాస్థితికి తెమ్మన్నారు. ముల్లెన్‌వెగ్ వర్గం ఆ టిక్ తీసేసి, పిజ్జా మీద పైనాపిల్ బాగుంటుందని ఒప్పుకోమనే ఇంకో టిక్ పెట్టారు!

ముల్లెన్‌వెగ్ వాదన ఇది: ఏటా దాదాపు 50 కోట్ల డాలర్లు సంపాదించే కంపెనీ ఉమ్మడి సాఫ్ట్‌వేర్‌కు వారానికి 40 గంటల పనే ఇస్తోంది, ఆటోమాటిక్ 3,900 గంటలకు పైగా ఇస్తోంది. రాబడిలో 8 శాతం డబ్బుగానో పనిగానో ఇమ్మన్నది అందుకే. దాన్ని డబ్ల్యూపీ ఇంజిన్ బెదిరింపు వసూలు అంది. 2025 సెప్టెంబరులో కోర్టు కొన్ని ఆరోపణలను పక్కనపెట్టి, మిగతావాటిని ముందుకు వెళ్లనిచ్చింది.

ఇక పేరు సంగతి. ‘డబ్ల్యూపీ’ అన్న పొడి అక్షరాలు తమ ట్రేడ్‌మార్కు కిందికి రావని, ఎవరైనా ఇష్టమొచ్చినట్టు వాడుకోవచ్చని ఫౌండేషన్ పేజీలోనే ఉండేది. 2024 సెప్టెంబరులో గొడవ ముదిరాక ఆ వాక్యం మారింది. అన్నట్టు, 2011లో ఇదే పేరున్న ఇదే కంపెనీలో ఆటోమాటిక్ పెట్టుబడి కూడా పెట్టింది.

అప్‌డేట్లకు ఇంకో దారి వేయాలని కొందరు డెవలపర్లు 2025 జూన్‌లో లినక్స్ ఫౌండేషన్ గొడుగు కింద ఫెయిర్ అనే ప్రాజెక్టు తెచ్చారు. అది కావాలంటే సైటులో విడిగా ఎక్కించుకోవాలి. మామూలుగా ఇన్‌స్టాల్ చేసిన వర్డ్‌ప్రెస్ ఇప్పటికీ పాత చిరునామానే అడుగుతుంది.