క్లైమాక్స్ ఎన్నాళ్ళు దాచాలి? మూడు రోజుల బేరం వెనక కథ

పెద్ద బొమ్మ పడిన ప్రతిసారీ లేచే గొడవే మళ్ళీ లేచింది. వేకువ బెనిఫిట్ షో చూసొచ్చినవాళ్ళు కాలనీ వాట్సాప్ గ్రూపులో క్లైమాక్స్ రాసేశారు. మ్యాట్నీకి టికెట్లు తీసుకున్నవాళ్ళు తిట్టిపోశారు. అడ్మిన్ ఆ మెసేజ్ తీసేస్తే, ఎందుకు తీశావని ఇంకొందరు ఆయన మీద పడ్డారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇది ప్రతి సీజన్‌లోనూ ఉండే వరసే. ఈసారి మాత్రం తగువంతా ఒక అంకె చుట్టూ తిరుగుతోంది: మూడు రోజులు. శుక్రవారం నుంచి ఆదివారం సెకండ్ షో దాకా కథ ఊసెత్తం, సోమవారం నుంచి ఎవరు చూడకపోతే అది వాళ్ళ ఖర్మ అని ముందు చూసినవాళ్ళు బేరం పెట్టారు. చూడనివాళ్ళు ఒప్పుకోవడం లేదు.

స్పాయిలర్ (చూడనివాళ్ళకు కథ ముందే చెప్పేయడం) గొడవ హాలీవుడ్‌లో ఎలా పుట్టింది, 1960లో దర్శకుడు హిచ్‌కాక్ ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వకుండా తలుపులెలా వేయించాడు లాంటివి లెక్కలేనన్నిసార్లు రాసినవే. వాటితో ఇక్కడ పని లేదు. మన దగ్గర ఈ తగువు ఇప్పుడున్న రూపానికి ఎలా వచ్చిందో తెలియాలంటే 2017 ఫిబ్రవరికీ ఏప్రిల్‌కీ మధ్య ఏం జరిగిందో చూస్తే చాలు.

‘బాహుబలి’ మొదటి భాగం 2015 జులై 10న వచ్చింది. చంపిందెవరో చివర్లో చూపించి, ఎందుకో చెప్పకుండా ఆపేసింది. రెండో భాగం 2017 ఏప్రిల్ 28న వచ్చింది. మధ్యలో 21 నెలల పైచిలుకు పెళ్ళి పందిళ్ళలో, టీ కొట్ల దగ్గర, ఆర్టీసీ బస్సుల్లో అదే ప్రశ్న. (జవాబు ఇక్కడ రాయడం లేదు. ఇన్నేళ్ళయినా చూడనివాళ్ళు ఉంటారు.) ఈలోగా రెండు మార్పులు వచ్చాయి. 2016 సెప్టెంబర్ 5న జియో మొదలై, 2017 మార్చి ఆఖరుదాకా డేటా ఉచితంగా పోసింది. ఏప్రిల్‌లో 309 రూపాయలకు 84 రోజులు, రోజుకు 1 జీబీ చొప్పున ఇవ్వడం మొదలెట్టింది. రెండోది వాట్సాప్ స్టేటస్. అంతవరకూ అది మన పేరు కింద ఒక వాక్యం రాసుకునే చోటు. 2017 ఫిబ్రవరిలో అది 24 గంటలు నిలిచే ఫోటో, వీడియోగా మారింది. కొత్త స్టేటస్ జనం చేతికి అలవాటవుతున్న వారాల్లోనే, రెండేళ్ళుగా ఊరంతా ఎదురుచూస్తున్న జవాబు థియేటర్లలోకి వచ్చింది.

హాల్లో జరిగేది ఇదీ. అసలు సీను రాగానే నాలుగైదు వరసల్లో ఫోన్లు పైకి లేస్తాయి. తీసిన ముక్కలో తెర వంకరగా ఉంటుంది, ఒక మూల ముందు సీటువాడి తల అడ్డు, ఈలల్లో మాట వినపడదు. అయినా ఎవరు ఎవరిని పొడిచారో తెలిసిపోతుంది. అది స్టేటస్‌లోకి ఎక్కుతుంది. ఒకరి స్టేటస్ తెరిస్తే, అది అయిపోగానే తర్వాతి మనిషిది దానంతటదే మొదలవుతుంది. మేనకోడలి అన్నప్రాశన ఫోటో చూద్దామని నొక్కినవాడికి, ఆ వెనకే పక్కింటి కుర్రాడు పెట్టిన క్లైమాక్స్ తగులుతుంది. అసలు నొక్కకపోయినా స్టేటస్‌ల వరసలో ఆ సీను తాలూకు చిన్న బొమ్మ కనిపిస్తూనే ఉంటుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వేళ మన దేశంలో స్టేటస్ వీడియోను కొన్నాళ్ళపాటు 15 సెకన్లకు కుదించారు. ఒక చావు చూపించడానికి అదీ ఎక్కువే.

ఊరికీ ఊరికీ మధ్య ఉన్న ఆలస్యం వల్లే ఈ తగువు వచ్చిందనేవాళ్ళున్నారు. ఆ మాట నిలబడదు, ఎందుకంటే ఆలస్యం ఇంతకన్నా ఎన్నోరెట్లు ఉన్న రోజుల్లో తగువు లేదు. ప్రింట్ల కాలం గుర్తున్నవాళ్ళకు ఇది తెలుసు. 1000 అడుగుల రీలు 11 నిమిషాలు తిరుగుతుంది. రెండున్నర గంటల సినిమాకు దాదాపు 14 రీళ్ళు. ప్రింటు తీయించడం ఖరీదు కాబట్టి ఉత్తరాంధ్ర టెరిటరీ మొత్తానికి కొన్నే వచ్చేవి. ముందు విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం. అక్కడ కలెక్షన్లు తగ్గాక ఆ పెట్టెలే బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, టెక్కలి, పలాస మీదుగా ఇచ్ఛాపురం దాకా పోయేవి. చివరి ఊళ్ళో బొమ్మ పడేసరికి వారాలు, ఒక్కోసారి నెలలు పట్టేది. అప్పటికే పట్నంలో చూసొచ్చినవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉండేవారు.

అయినా కొట్లాట లేదు. కథ తెలియాలంటే ఎవరో ఒకరు నోరు విప్పాలి, ఇంకొకరు చెవి ఒగ్గాలి. విశాఖ వెళ్ళొచ్చిన బావ అరుగు మీద కథ ఎత్తుకుంటే ‘సెప్పీకు బావా, నాను ఎల్తాను’ అనేవాడు బావమరిది. బావ ఆగేవాడు. ఆగకపోతే ఇతనే లేచి పోయేవాడు. సినిమావాళ్ళకూ ఆ మర్యాద తెలుసు. హాలు బయట అమ్మే పాటల పుస్తకంలో కథా సంగ్రహం సగందాకా నడిచి, హీరోయిన్ ఏమైందో, విలన్ ఆట ఎలా కట్టిందో అనే ప్రశ్నల దగ్గర ఆగి, తక్కింది వెండితెరపై చూడమనేది. ఈ దేశంలో స్పాయిలర్ హెచ్చరిక అంటూ అచ్చయింది ఏదైనా ఉంటే అదే.

తర్వాత డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చింది, పెట్టెలు పోయాయి, సోంపేటలోనూ హైదరాబాద్‌లోనూ ఒకే ఉదయం బొమ్మ పడసాగింది. నెలల తేడా గంటల్లోకి వచ్చింది. సరిగ్గా అప్పుడే తగువు ముదిరింది. 2017 నుంచి చెప్పేవాడికి వినేవాడి ఒప్పుదలతో పని లేకుండా పోయింది. మిగతా వాదనలన్నీ ఇందులోంచి పుట్టినవే.

అదే ఏడు జులై 16న తెలుగు బిగ్‌బాస్ మొదలైంది. వారాంతం ఎపిసోడ్లు ప్రసారానికి ముందే షూట్ అవుతాయి కాబట్టి, ఆదివారం రాత్రి ఎవరు ఇంటికి వెళ్తారో శనివారమే ఫోన్లలో తిరిగేది, ఇప్పటికీ తిరుగుతోంది. 2019లో హాట్‌స్టార్ ఏడాదికి 365 రూపాయల విఐపి చందా తెచ్చి, సాయంత్రం టీవీలో వచ్చే సీరియల్‌ను పొద్దున్న 6 గంటలకే ఫోన్‌లో పెట్టింది. ఆలస్యం ఇప్పుడు ఇంట్లోకి వచ్చింది. కోడలు పొద్దున్నే కాఫీ తాగుతూ చూసేసింది, అత్తగారు రాత్రి టీవీ ముందు కూర్చుంటుంది. ‘ఈరోజు ఏటవుతాదో’ అని అత్తగారంటే కోడలు ఏం మాట్లాడాలి? ఇక అమెరికా తూర్పు తీరంలో గురువారం సాయంత్రం 6 గంటల ప్రీమియర్ పడేసరికి మనకు సంక్రాంతి రోజుల్లో శుక్రవారం తెల్లవారుజాము 4:30. విజయనగరం గంటస్తంభం దగ్గర టీ కొట్టు పొయ్యి వెలిగేసరికి న్యూజెర్సీ తమ్ముడు విరామం దాకా కథ పంపేసి ఉంటాడు.

ఇప్పుడు మూడు రోజుల సంగతి. ముందు చూసినవాళ్ళ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. చూసిన సినిమా గురించి మాట్లాడుకోకపోతే చూసిన ముచ్చటేముంది అంటారు. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగోలో జొనాథన్ లెవిట్, నికొలస్ క్రిస్టెన్‌ఫెల్డ్ 12 చిన్న కథలతో చేసిన పరిశోధనను చూపిస్తారు: ముగింపు ముందే తెలిసినవాళ్ళకే కథలు ఎక్కువ నచ్చాయట. 2015లో జాన్సన్, రోజెన్‌బామ్ అనే ఇద్దరు చేసిన పరిశోధనలో దానికి తలకిందులుగా తేలిన సంగతి మాత్రం చెప్పరు. బొబ్బిలి కథను కూడా తెస్తారు. 1757 జనవరి 24న యుద్ధం ఎలా ముగిసిందో, తాండ్ర పాపారాయుడు ఆ తర్వాత ఏం చేశాడో ఈ రెండు జిల్లాల్లో చిన్నగుంటలకీ తెలుసు, అయినా బుర్రకథ పెడితే తెల్లవార్లూ కూర్చోరా అని. కూర్చుంటారు. తెలిసి, కోరి వచ్చి కూర్చుంటారు. చివర్లో మలుపు ఉందని ఊరించి టికెట్ అమ్మిన సినిమాతో దానికి పోలికేముంది?

చూడనివాళ్ళ లెక్క వేరు, అది రూపాయల్లో ఉంది. 2022 మార్చి 7న రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన జీవో 13 ప్రకారం, హీరో, హీరోయిన్, దర్శకుడి పారితోషికాలు కాకుండా 100 కోట్లు దాటిన సినిమాలు మొదటి 10 రోజులు టికెట్ రేటు పెంచుకోవచ్చు. తర్వాత కూడా పెద్ద సినిమాలకు విడివిడిగా పెంపు అనుమతులు వస్తూనే ఉన్నాయి. నలుగురున్న ఇల్లు 11వ రోజు కోసం చూస్తుంది. అంటే మూడు రోజుల గడువు పెంచిన రేటు పెట్టగలిగినవాడికి సరిపోతుంది తప్ప, రేటు దిగాక పిల్లల్ని తీసుకెళ్దామనుకునేవాడికి పనికిరాదు. పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో షిఫ్టుకు వెళ్ళేవాళ్ళకు ఆ వారాంతం సెలవు దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఎచ్చెర్ల, పూసపాటిరేగ తీరాల నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు వేటకు వెళ్ళినవాళ్ళు బోటు ఒడ్డుకు చేరాకే ఫోన్ తెరుస్తారు. చేరాక అక్కడ తెలుగు బొమ్మ ఆడుతుందా? వాళ్ళు ఓటీటీలోనే చూస్తారు. 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులు ఆపి మాట్లాడుకున్నప్పుడు థియేటర్‌కూ ఓటీటీకీ మధ్య 8 వారాలు ఉండాలన్నారు. చాలా సినిమాలు నాలుగు వారాలకే వచ్చేస్తున్నాయి. కనీసం ఆ నాలుగు వారాలైనా అందరూ ఉండే గ్రూపులో ముగింపు రాయొద్దని చూడనివాళ్ళు అడుగుతున్నారు. సినిమా గురించి మాట్లాడొద్దని వాళ్ళెవరూ అనలేదు. బాగుందా, పిల్లలతో వెళ్ళొచ్చా, సెకండాఫ్ సాగిందా అన్నవి మొదటి ఆట నుంచే చెప్పుకోవచ్చు.

ఇక్కడ రెండు సంగతులు కలిసిపోతున్నాయి, విడదీయాలి. కథ నోటితో చెప్పేస్తే అది మర్యాద లేకపోవడం, అంతే. హాల్లో ఫోన్ ఎత్తి తెరను రికార్డు చేస్తే అది నేరం. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం 3 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 3 లక్షల రూపాయల నుంచి సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా జరిమానా. స్టేటస్‌లో 15 సెకన్ల ముక్క పెట్టిన కుర్రాడు ‘కథేమీ చెప్పలేదు కదా’ అని వాదిస్తే, అతను తప్పించుకుంటున్నది చిన్న తప్పునుంచి మాత్రమే.

గ్రూపుల్లో ఎక్కువగా చెడుతున్నది చెప్పే పద్ధతి దగ్గర. చాలామంది ‘స్పాయిలర్ ఉంది, చూడనివాళ్ళు చదవొద్దు’ అని ఒక మెసేజ్ పెట్టి, కథను రెండో మెసేజ్‌లో రాస్తారు. చాట్ల జాబితాలో కనిపించేది ఆఖరి మెసేజే. హెచ్చరిక పైకి పోతుంది, చావు బయట నిలబడుతుంది. రెండూ ఒకే మెసేజ్‌లో ఉండాలి: మొదటి వరసలో సినిమా పేరు, సిరీస్ అయితే సీజన్, ఎపిసోడ్ నంబరు, ఆ కింద సినిమాలో ఎందాకా కథ చెబుతున్నారో, తర్వాత ఖాళీ వరసలు, ఆపైన విషయం. నోటిఫికేషన్‌లో పై వరసలే పడతాయి కాబట్టి ఖాళీలు ధారాళంగా వదలాలి. ఇంత జాగ్రత్తగా రాసినదాన్ని కూడా జవాబులు పాడుచేస్తాయి. ‘అయ్యో, వాడు పోతాడనుకోలేదు’ అని కింద ఒకరు రాస్తే పైన ఎన్ని తెరలు కట్టినా దండగ. జవాబుకూ అదే పద్ధతి పాటించాలి.

టెలిగ్రామ్‌లో ఇది తేలిక. 2021 డిసెంబర్ నుంచి మాటకు ముందూ వెనకా రెండేసి నిలువు గీతలు పెడితే అది మసకబారుతుంది, నొక్కితేనే కనపడుతుంది, నోటిఫికేషన్‌లోనూ బయటపడదు. వాట్సాప్‌లో ఫోటోగా పంపాలనుకుంటే ఒక్కసారే తెరుచుకునే పద్ధతిలో పంపడం మేలు. తెరిచేదాకా బొమ్మ కనపడదు, ఇంకొకరికి ఫార్వర్డ్ కాదు. తీసేయడాన్ని మాత్రం నమ్ముకోకూడదు. అందరికీ కనపడకుండా తుడిచే గడువు 2017లో 7 నిమిషాలు ఉండేది, 2022లో 2 రోజుల 12 గంటలకు పెరిగింది, అడ్మిన్‌కూ తుడిచే అధికారం వచ్చింది. కానీ తుడిచిన చోట గుర్తు మిగులుతుంది. దాన్ని చూసి ‘ఏటి తీసీసినారు?’ అని ఒకరు అడుగుతారు, ఇంకొకరు చెప్పేస్తారు.

తప్పించుకోవాలనుకునేవాళ్ళు విడుదలకు ముందురోజు రాత్రే కొంత సర్దుకోవాలి. వాట్సాప్‌లో ఫోటోలు, వీడియోలు వాటంతటవే దిగే ఏర్పాటు ఆపేస్తే నొక్కేదాకా మసకగా ఉంటాయి. ప్రతి షోకీ స్టేటస్ పెట్టే అలవాటున్నవాళ్ళ స్టేటస్‌ను నొక్కిపట్టి మ్యూట్ చేయాలి, వాళ్ళకు తెలియదు. ఎక్స్ (పాత ట్విటర్)లో మ్యూట్ చేసే మాటలకు 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు అని గడువు పెట్టొచ్చు. సినిమా పేరు ఒక్కటీ పెడితే చాలదు. తెలుగు లిపిలో, ఇంగ్లిష్ అక్షరాల్లో, అభిమానులు వాడే పొట్టి పేరు, పాత్ర పేరు అన్నీ విడివిడిగా ఎక్కించాలి. ఫోటో మీద రాసిన అక్షరాలను అది పట్టుకోలేదు. సెర్చ్‌లోనూ పనిచేయదు. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం యూట్యూబ్ థంబ్‌నెయిల్. విడుదలైన పూటే ‘క్లైమాక్స్ వివరణ’ వీడియోలు పడతాయి, వాటి మీద ఫోటోలోనే జవాబు ఉంటుంది. చూసిన వీడియోల చరిత్రను ఆపేసి, పాతది తుడిచేస్తే హోమ్ పేజీ దాదాపు ఖాళీ అయిపోతుంది. సినిమా చూసొచ్చాక మళ్ళీ తెరుచుకోవచ్చు.

అడ్మిన్లకు ఇప్పటిదాకా కాస్త పనిచేసిన ఉపాయం వేరే గ్రూపు. చూసినవాళ్ళు లింక్ పట్టుకుని అందులో చేరతారు, అసలు గ్రూపులో కథ ఎత్తరు. చేరాలంటే అడగాలి కాబట్టి అరుగు మీది పాత కట్టుబాటు కొంత తిరిగొస్తుంది. ఆ గ్రూపుకు పెట్టే ఫోటో విషయంలో జాగ్రత్త పడాలి: లింక్ తెరిచినవాడికి చేరకముందే గ్రూపు పేరు, ఫోటో కనపడతాయి. అక్కడ ఆఖరి సీను స్టిల్ పెడితే ఇంత ఏర్పాటూ వృథా. పోస్టర్ పెట్టాలి, అదీ విడుదలకు ముందు వచ్చిన పోస్టర్.