వ్యాయామ చికిత్స వివాదం: మలుపు తిప్పింది ట్రయల్ గణాంకాలే

దీర్ఘకాలిక అలసట వ్యాధి చికిత్సపై బ్రిటన్‌లో పాత వివాదం మళ్లీ రాజుకుంది. వ్యాయామాన్ని ముందే వేసుకున్న లెక్క ప్రకారం పెంచుకుంటూ పోయే గ్రేడెడ్ ఎక్సర్‌సైజ్ థెరపీని ఈ రోగులకు ఇవ్వవద్దని అక్కడి వైద్య మార్గదర్శకాలు రూపొందించే 'నైస్' సంస్థ 2021 అక్టోబరు 29న స్పష్టం చేసింది. ఆలోచనలను, ప్రవర్తనను మార్చే మాటల చికిత్స అయిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ వ్యాధిని నయం చేయదని, తోడ్పాటుగా మాత్రమే ఇవ్వవచ్చని చెప్పింది. ఇదే సంస్థ 2007లో ఈ రెండింటినీ సిఫారసు చేసింది. రోగుల ఒత్తిడికి తలొగ్గి సాక్ష్యాలను పక్కన పెట్టారన్న విమర్శ అప్పటినుంచీ వినిపిస్తోంది. రోగులు నిజంగా అడిగింది ఏమిటో చూస్తే ఆ విమర్శ నిలవదు.

అసలు మలుపు ఈ రెండు చికిత్సలను పరీక్షించిన పేస్ ట్రయల్. 641 మందిపై సుమారు 50 లక్షల పౌండ్ల ఖర్చుతో సాగిన ఈ అధ్యయనం 2011లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడింది. ఈ రెండు చికిత్సలతో 22 శాతం చొప్పున కోలుకున్నారని అదే ట్రయల్‌పై 2013 నాటి మరో పరిశోధన పత్రం ప్రకటించింది. శారీరక సామర్థ్యాన్ని 100 మార్కులకు లెక్కించే ప్రశ్నావళిలో 65 లేదా అంతకన్నా తక్కువ వచ్చినవారినే ట్రయల్‌లో చేర్చుకున్నారు. కోలుకున్నట్టు చెప్పడానికి మొదట 85 రావాలని నిర్ణయించి, తర్వాత దాన్ని 60కి దించారు. మిగతా షరతులు ఉన్నప్పటికీ, ఈ ఒక్క కొలమానం మేరకు 65తో చేరి 60కి పడిపోయిన మనిషి కూడా కోలుకున్నవాడి కిందే లెక్క. దీన్ని పట్టుకున్నది రోగులే. మంచం దిగలేని స్థితిలోనూ వారు పత్రాలను పంక్తి పంక్తిగా చదివారు.

ఆస్ట్రేలియాకు చెందిన ఒక రోగి సమాచార హక్కు కింద ట్రయల్ మూల గణాంకాలు కోరగా, వాటిని తన వద్ద ఉంచుకున్న లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం నిరాకరించి ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. 2016 ఆగస్టులో తీర్పు దానికి వ్యతిరేకంగా వచ్చింది. బయటికొచ్చిన గణాంకాలకు మొదటి ప్రమాణాలనే వర్తింపజేస్తే, కోలుకున్నవారు కాగ్నిటివ్ థెరపీలో 7 శాతం, వ్యాయామంలో 4 శాతం, కేవలం వైద్య సంరక్షణ పొందినవారిలో 3 శాతంగా తేలారు. మరుసటి ఏడాదే నైస్ తన మార్గదర్శకాలను తిరగరాయాలని నిర్ణయించింది.

కొత్త మార్గదర్శకాలు 2021 ఆగస్టు 18న రావలసి ఉండగా, కొన్ని వైద్య సంఘాల అభ్యంతరంతో ముందురోజు ఆగిపోయాయి. ఆ రెండు నెలలూ రోగులు అనుభవించిన ఆందోళన అంతా ఇంతా కాదు. వ్యాయామ చికిత్సకు అనుకూలమైన సాక్ష్యాలు తక్కువ లేదా అతి తక్కువ నాణ్యత గలవని నైస్ తేల్చిన తీరు సరికాదని, సరైన పర్యవేక్షణలో ఆ చికిత్స సురక్షితమేనని నైస్ నిర్ణయాన్ని వ్యతిరేకించేవారి వాదన. శ్రమ తర్వాత లక్షణాలు తీవ్రమై రోజులు, వారాల తరబడి కోలుకోలేకపోవడమే ఈ వ్యాధికి ప్రధాన గుర్తు కాబట్టి, ప్రతి వారం ఇంకొంచెం చేయమని చెప్పే పద్ధతి ఎలా సురక్షితమో వారే వివరించాలి.

నైస్ సూచనలు చట్టం కావు. కొన్ని క్లినిక్‌లలో పాత వ్యాయామమే కొత్త పేరుతో నడుస్తోందని రోగులు నేడు చేస్తున్న ఫిర్యాదుకు మూలం అక్కడే ఉంది.