సోలార్‌కు అప్పిచ్చేవాళ్లు డిస్కం లెక్కలు ఎందుకు అడుగుతారు

పీఎం కుసుమ్ (రైతుల సోలార్‌కు కేంద్రం పెట్టిన పథకం) కింద పొలంలో సోలార్ ప్లాంటు పెట్టాలనుకుని బ్యాంకుకు వెళ్తే ప్యానెల్ ఏ కంపెనీది, ఇన్వర్టర్ ఎంత అన్న మాటలు చివర్లో వస్తాయి. పీపీఏ (కరెంటు కొనుగోలు ఒప్పందం) అయిందా, డిస్కం (ఆ కరెంటు కొనే పంపిణీ సంస్థ) బిల్లు ఎన్ని నెలలకు కడుతోంది అన్నవే మొదట వస్తాయి. ఈ అలవాటు మన బ్యాంకులకు పుట్టుకతో వచ్చింది కాదు. వాషింగ్టన్, మనీలా, టోక్యో, ఫ్రాంక్‌ఫర్ట్‌లలోని అభివృద్ధి బ్యాంకులు మన కరెంటు రంగానికి అప్పులిస్తూ దశాబ్దాల తరబడి నేర్చుకున్న పాఠం అది. అందులో కొంత హైదరాబాద్‌లోనే నేర్చుకున్నారు.

మొదట్లో ఆ డబ్బు బొగ్గుకూ నీటికీ వెళ్లింది. రామగుండం ఎన్టీపీసీ కేంద్రానికి 1979లో అప్పిచ్చింది ప్రపంచ బ్యాంకే. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రానికి జపాన్ ప్రభుత్వ రుణ సంస్థ ఓఈసీఎఫ్ నిధులిచ్చింది. ఆ సంస్థే జేబీఐసీగా మారింది, 2008 నుంచి ఆ అప్పుల పని జైకా చేతికొచ్చింది. అక్కడ 150 మెగావాట్ల యూనిట్లు ఆరు, అన్నీ రివర్సిబుల్. అంటే కరెంటు మిగిలినప్పుడు నీళ్లను వెనక్కి తోడగలవు. పగలు మిగిలే సోలార్‌ను సాయంత్రానికి దాచుకోవడానికి ఇవాళ అందరూ వెతుకుతున్నది ఇలాంటి ఏర్పాటే. డిజైన్ వేసిన రోజుల్లో మాత్రం సోలార్ ఊసే లేదు, రాత్రిపూట మిగిలే థర్మల్ కరెంటు కోసం వేసిన లెక్క అది.

ఈ అప్పులు నేరుగా రాష్ట్రానికి రావు. ఒప్పందం కేంద్రంతో జరుగుతుంది, రాష్ట్రానికి కేంద్రం ఇస్తుంది. ఒకప్పుడు అందులో 70 శాతం అప్పు, 30 శాతం గ్రాంటు, రూపాయి విలువ పడితే ఆ నష్టం కేంద్రానిది. పన్నెండో ఆర్థిక సంఘం సిఫార్సుతో 2005 నుంచి పద్ధతి మారింది. విదేశీ బ్యాంకు ఏ షరతులకు ఇస్తే అవే షరతులు రాష్ట్రానికి, మారకపు నష్టం కూడా రాష్ట్రానికే. 1999లో 43 రూపాయల దగ్గరున్న డాలర్ 2024 చివరికి 85 దాటింది. విదేశీ వడ్డీ తక్కువ అని మురిసిపోయేవాళ్లు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడాలి. పైగా ప్రపంచ బ్యాంకు అప్పుకు మొదట్లోనే 0.25 శాతం రుసుము ఉంటుంది, వాడుకోని మొత్తం మీద ఏటా మరో 0.25 శాతం కమిట్‌మెంట్ చార్జీ పడుతుంది. భూసేకరణ ఆలస్యమై పని ఆగినా ఆ మీటరు తిరుగుతూనే ఉంటుంది.

ఆరు మెగావాట్ల ఊక ప్లాంటునో, కాలువ మీది చిన్న జల విద్యుత్ కేంద్రాన్నో వాషింగ్టన్ నుంచి వచ్చి తనిఖీ చేయడం కుదిరే పని కాదు. అందుకని మధ్యలో ఒక సంస్థ కావాల్సి వచ్చింది. పునరుత్పాదక విద్యుత్తుకు అప్పులిచ్చేందుకు కేంద్రం 1987లో పెట్టిన ఇరెడాకు 1990ల మొదట్లో ప్రపంచ బ్యాంకు, గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ కలిసి నిధులిచ్చాయి. చిన్న జల విద్యుత్తు, గాలి, సోలార్ ప్రాజెక్టులకు ఇరెడా వాటిని రూపాయల్లో అప్పుగా ఇచ్చింది. టోకుగా తెచ్చి చిల్లరగా ఇచ్చే ఈ పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది.

అసలు చిక్కు ఎక్కడుందో తేలింది 1999 తర్వాత. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణకు ప్రపంచ బ్యాంకు తొలి విడతగా 21 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. విద్యుత్ బోర్డు జెన్‌కో (ఉత్పత్తి), ట్రాన్స్‌కో (సరఫరా లైన్లు)లుగా విడిపోయింది, ఆ తర్వాత డిస్కంలు పుట్టాయి. చార్జీల నిర్ణయం ఈఆర్సీ (విద్యుత్ నియంత్రణ మండలి) చేతికి వెళ్లింది. 2000లో చార్జీలు పెంచగానే ఉద్యమం లేచింది. ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పులు ముగ్గురిని బలిగొన్నాయి. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. అప్పటి నుంచి డిస్కం గల్లాపెట్టె ప్రభుత్వం సబ్సిడీ ఎప్పుడు విడుదల చేస్తుందన్న దాని మీద ఆధారపడింది. ఉచిత విద్యుత్తు తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. అప్పిచ్చేవాడికి మాత్రం ఒకటే లెక్క, ఆ సబ్సిడీ నెలనెలా వస్తోందా లేదా.

అదే సమయంలో దెబ్బతిన్నవి ఊక, కట్టె కాల్చి కరెంటు తీసే బయోమాస్ ప్లాంట్లు. 1997 విధానం ప్రకారం యూనిట్‌కు 2.25 రూపాయలు, ఏటా 5 శాతం పెంపు అని చెప్పారు. ఆ భరోసా మీదే అప్పులు తెచ్చి ఆంధ్రప్రదేశ్‌లో చాలా ప్లాంట్లు కట్టారు. 2004లో ఈఆర్సీ ఆ ధరను సవరించి తగ్గించింది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2010లో కోర్టు దాన్ని మళ్లీ ఈఆర్సీకే తిప్పి పంపింది. ఈలోగా ఊక ధర పెరిగింది. ప్లాంట్లు ఎక్కువైన కొద్దీ ఊక కోసం ఒకదానితో ఒకటి పోటీ పడ్డాయి, ఇటుక బట్టీలు కూడా అదే కొంటాయి. ఊక దొరక్క సర్కారు తుమ్మ కొట్టించి కాల్చిన చోట్ల వానాకాలంలో తడి కట్టె బాయిలర్‌ను ఇబ్బంది పెట్టింది. అమ్మే ధర తగ్గి, కొనే ధర పెరిగితే ఎంత తక్కువ వడ్డీ అప్పైనా మునిగేదే.

2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సోలార్, పవన విద్యుత్ పీపీఏల ధరలను తిరగదోడబోతే పాత గాయం మళ్లీ రేగింది. హైకోర్టు మధ్యంతరంగా సోలార్‌కు 2.44, పవన విద్యుత్తుకు 2.43 రూపాయలు కట్టమంది. 2022 మార్చిలో పీపీఏలో రాసుకున్న ధరే చెల్లించాలని తేల్చింది. ఈలోగా చాలా కంపెనీలకు రావాల్సిన సొమ్ము పూర్తిగా చేతికి రాలేదు, వాయిదాలు మాత్రం పూర్తిగా కట్టాలి.

ఇలాంటి అనుభవాల వల్లే అభివృద్ధి బ్యాంకులు ధర గొడవ తక్కువగా ఉండే చోటు వెతికాయి. గ్రీన్ ఎనర్జీ కారిడార్ మొదటి దశ అలాంటిదే. ఎనిమిది రాష్ట్రాల్లో లైన్లు, సబ్‌స్టేషన్లు వేయడానికి 40 శాతం కేంద్ర గ్రాంటు, 40 శాతం జర్మనీ అభివృద్ధి బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ అప్పు, 20 శాతం రాష్ట్ర వాటా. ఆంధ్రప్రదేశ్‌కు అందులో చోటు దక్కింది, తెలంగాణకు దక్కలేదు. తెలంగాణ సోలార్ టెండర్లు కూడా ఒకేచోట పెద్ద పార్కు అనకుండా ఉన్న సబ్‌స్టేషన్ల చుట్టూ ప్లాంట్లను చెదరగొట్టాయి. కొత్త లైన్ల ఖర్చు తగ్గించిన మంచి నిర్ణయమది.

మరో దారి రూఫ్‌టాప్. 2016లో ఎస్బీఐకి ప్రపంచ బ్యాంకు 50 కోట్ల డాలర్లు, క్లీన్ టెక్నాలజీ ఫండ్ 12.5 కోట్ల డాలర్లు కేటాయించాయి. ఫ్యాక్టరీ డాబా మీద చేసిన కరెంటును ఆ ఫ్యాక్టరీయే వాడుకుంటుంది కనుక డిస్కం బకాయి బెడద ఉండదు. అయితే ఇక్కడ సమస్య ఇంకో రూపంలో వచ్చింది. ప్లాంటు పెట్టి యూనిట్ల లెక్కన అమ్మే చిన్న కంపెనీలకు రేటింగ్ లేదు, తాకట్టుకు ఆస్తి లేదు. ఫ్యాక్టరీ మూతపడితే డాబా మీది సామాను ఎవరిదన్నదీ తేలదు. డబ్బు సిద్ధంగా ఉన్నా మొదట్లో పంపిణీ నెమ్మదిగానే సాగింది.

ఇప్పుడు కుసుమ్ దగ్గరికి వద్దాం. ‘ఎ’ విభాగంలో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా పెట్టుకోవచ్చు. తెలంగాణలో ధర యూనిట్‌కు 3.13 రూపాయలు, ఒప్పందం 25 ఏళ్లు. ప్యానెళ్లకు సబ్సిడీ లేదు, ప్రోత్సాహకం డిస్కంకు వెళ్తుంది. ఒక మెగావాట్ ప్లాంటుకు 3.5 కోట్లు ఖర్చవుతుందనీ, అందులో 70 శాతం, అంటే 2.45 కోట్లు, 10 శాతం వడ్డీకి 15 ఏళ్ల అప్పనీ అనుకుందాం. సామర్థ్య వినియోగం (ఏడాది పొడవునా పూర్తి సామర్థ్యంతో నడిస్తే వచ్చే కరెంటులో నిజంగా వచ్చే వాటా) 19 శాతమైతే ఏడాదికి 16.6 లక్షల యూనిట్లు, రాబడి సుమారు 52 లక్షలు. నిర్వహణకు 4 లక్షలు తీస్తే 48 లక్షలు. బ్యాంకుకు ఏటా కట్టాల్సింది దాదాపు 32 లక్షలు. కాగితం మీద ఆ 48కి ఈ 32తో నిష్పత్తి 1.5, బ్యాంకులు సాధారణంగా కోరే 1.2-1.3 కంటే మెరుగే.

కానీ మిగులు 16 లక్షలే. డిస్కం ఆరు నెలలు బిల్లు ఆపితే చిక్కుకుపోయేది 26 లక్షలు. అందుకే బ్యాంకు రెండు త్రైమాసికాల వాయిదాలను విడిగా రిజర్వు ఖాతాలో పెట్టమంటుంది, డిస్కం చెల్లింపులు తన అదుపులోని ఖాతాకే రావాలంటుంది. 2022 నాటి కేంద్ర ఆలస్య చెల్లింపు నిబంధనలు డిస్కంలు తమ బకాయిలను 48 వాయిదాల వరకు కట్టుకునే వీలిచ్చి, తప్పితే ఎక్స్ఛేంజీలో (కరెంటు కొని అమ్మే మార్కెట్లో) వాటి కొనుగోళ్లు ఆపేలా చేశాయి. ఆ ఆగస్టులో అలా కొనుగోళ్లు ఆగిన 13 రాష్ట్రాల జాబితాలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి.

చాలామంది చూడనిది ఇంకొకటుంది. ప్లాంటు కలిసే 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో పగటిపూట సరఫరా ఆగితే గ్రిడ్ లేక ఇన్వర్టర్ కూడా ఆగుతుంది, ఆ యూనిట్లు పోయినట్టే. పది శాతం ఇలా పోతే ఏడాదికి 5 లక్షలకు పైగా నష్టం, మిగులులో మూడో వంతు. కాబట్టి దరఖాస్తు పెట్టకముందే ఆ సబ్‌స్టేషన్ లాగ్‌బుక్‌లో గడిచిన ఏడాది ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఎన్ని గంటలు సరఫరా ఆగిందో రాసుకుని, ఆ గంటలను రాబడి లెక్కలోంచి తీసేసి అప్పు అడగాలి.