సున్నపు ధూళి, ఆమ్లపు గాలి: ఉత్తర చెన్నై ముంగిట ఒక పాత రసాయనం

చెన్నైలో పెరంబూరు, తిరువొత్తియూరు వైపు తెలుగువారి ఇళ్లలో వంటగట్టుకు కడప బండ వేయించుకోవడం పాత అలవాటు. ఆ బండ మీద నిమ్మచెక్క పెట్టి మరచిపోతే, నల్లని నునుపులో తెల్లగా ఒక మచ్చ మిగిలిపోతుంది. అది ఎంత తోమినా పోదు, ఎందుకంటే అక్కడ రాయే కరిగిపోయింది. కడప బండ సున్నపురాయి. నిమ్మలోని ఆమ్లం దాన్ని తింటూ బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. సరిగ్గా ఇదే చర్య మన నెత్తి మీది గాలిలో, కంటికి ఆనని ధూళి రేణువుల మీద, పగలూ రాత్రీ జరుగుతోంది. నిమ్మరసం స్థానంలో అక్కడ సల్ఫర్ డయాక్సైడ్, నత్రికామ్లం, హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటాయి.

ఈ ఆమ్ల వాయువుల మీద తొలి కట్టడుల్లో ఒకటి బ్రిటన్‌లో వచ్చింది. ఉప్పు నుంచి సోడా తీసే కర్మాగారాలు వదిలే హైడ్రోక్లోరిక్ ఆమ్ల వాయువు చుట్టుపక్కల చెట్లనూ పొలాలనూ మాడ్చేస్తుండగా, అందులో నూటికి 95 పాళ్లు పట్టి ఆపాలని 1863లో అక్కడి పార్లమెంటు చట్టం చేసింది. దాని అమలు చూసిన తొలి ప్రధాన తనిఖీ అధికారి రాబర్ట్ ఆంగస్ స్మిత్, అంతకు పదేళ్ల ముందే, 1852లో, మాంచెస్టర్ వాననీటిని పరీక్షించి ఒక విలువైన సంగతి రాశాడు: దూరపు పొలాల గాలిలో అమ్మోనియా కార్బనేట్, శివార్లలో అమ్మోనియా సల్ఫేట్, నగరం నడిబొడ్డున గంధకామ్లం ఉన్నాయని. గాలిలోని ఆమ్లం ఎదురైన క్షారంతో కలిసి లవణంగా మారుతుందనీ, క్షారం చాలనిచోట ఆమ్లంగానే మిగులుతుందనీ ఆ మూడు మాటల్లోనే తెలుస్తుంది. 'ఆమ్ల వర్షం' అనే పేరు 1872లో ఆయన పెట్టిందే. 1930ల్లో లండన్‌లోని బాటర్‌సీ విద్యుత్ కేంద్రం పొగను థేమ్స్ నీటితో, సుద్దతో కడిగి వదిలిందంటే, మందు కూడా ఎప్పుడో తెలుసన్నమాట.

ఆ తర్వాత 1963లో అమెరికాలోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలోనూ, 1967 ప్రాంతంలో స్వీడన్‌లో మట్టి శాస్త్రవేత్త స్వాంటే ఓడెన్ పరిశీలనల్లోనూ ఆమ్ల వర్షం మళ్లీ పెద్ద సమస్యగా బయటపడింది. మన దేశంలో మాత్రం 1970ల నుంచి వాననీటిని పరీక్షిస్తూ వచ్చినవారికి చాలాచోట్ల వేరే ఫలితం కనిపించింది. ఆమ్లత్వాన్ని పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం. స్వచ్ఛమైన గాలిలో కురిసే వానకు పీహెచ్ 5.6 దాకా ఉండాలి. ఇక్కడ చాలాసార్లు అంతకంటే ఎక్కువే ఉంది. కారణం నేల నుంచి లేచి ఆమ్లాన్ని విరిచేసే కాల్షియం ధూళి. మన దుమ్మే మనకు రక్ష అన్న నిశ్చింత అప్పటి నుంచి పాతుకుపోయింది. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో మనకు ఎక్కువ నష్టం చేసిన పొరపాటు అదే. తటస్థమైన ఆమ్లం మాయం కాలేదు, సల్ఫేటుగా, నైట్రేటుగా మారి రేణువుల్లోనే ఉండిపోయింది.

ధూళిని అంతవరకు జడపదార్థంగానే లెక్కవేసేవారు. 1996లో వాతావరణ శాస్త్రవేత్తలు ఫ్రాంక్ డెంటెనర్, పాల్ క్రుట్జెన్ తదితరులు ఖనిజ ధూళిని రసాయన చర్యలకు వేదికగా తీసుకొని ప్రపంచమంతటికీ లెక్క కట్టాక ఆ చూపు మారింది. 2003లో రసాయన శాస్త్రవేత్త విక్కీ గ్రాసియన్ బృందం సున్నపురాయి రేణువులకు నత్రికామ్ల ఆవిరి తగిలించి సూక్ష్మదర్శినిలో చూసింది. మూలలు తేలిన గట్టి రేణువు కాల్షియం నైట్రేటుగా మారి, చుట్టూ ఉన్న తేమను పీల్చుకొని, గుండ్రని ద్రవబిందువైపోయింది. ఇందుకు పెద్ద తేమ కూడా అక్కరలేదు. చెన్నై వంటి ఊళ్లో ఏడాది పొడుగునా ఉండే ఉక్క అవసరానికి మించినది. అలా తడిసిన రేణువు వెలుగును ఎక్కువగా చెదరగొడుతుంది, మబ్బు చినుకుకు విత్తనమవుతుంది, మరింత వాయువును తనలోకి లాక్కుంటుంది.

ఉత్తర చెన్నైలో మణలి చమురుశుద్ధి కర్మాగారం 1969లోనూ, ఎన్నూరు థర్మల్ కేంద్రం 1970లోనూ, ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రం 1994లోనూ మొదలయ్యాయి. ఎన్నూరు పాత కేంద్రం 2017లో మూతపడినా, ఆ తీరంలో బొగ్గు మండడం ఆగలేదు. ఇక్కడి గాలిలో రోడ్డు మట్టి, సిమెంటు, బూడిదతో పాటు సముద్రపు ఉప్పు కూడా తేలుతుంటుంది. నత్రికామ్లం ఆ ఉప్పును తాకితే సోడియం నైట్రేట్ మిగిలి హైడ్రోక్లోరిక్ ఆమ్లం బయటికొస్తుంది, అంటే 1863 నాటి ఆ వాయువే. అది అమ్మోనియాతో కలిసి తేమను పీల్చి పొగమంచును ఎంతగా చిక్కబరుస్తుందో, ఢిల్లీ గాలిని ఆధారం చేసుకొని ఐఐటీ మద్రాస్ నేతృత్వంలోని శాస్త్రవేత్తలు 2021లో చూపారు.

ఇంత తెలిసినా దుమ్మునూ వాయువునూ మనం వేర్వేరు ఖాతాల్లో రాస్తున్నాం. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం నగరాల పనితీరును ప్రధానంగా పీఎం 10తో, అంటే 10 మైక్రాన్లకు మించని రేణువుల మోతాదుతో కొలిచింది. నిధుల్లో పెద్ద భాగం రోడ్డు దుమ్ముకే వెళ్లింది. వాయువును వదిలేసి దుమ్ము ఒక్కటే తగ్గిస్తే వాన పుల్లబడుతుంది. ఐరోపా, ఉత్తర అమెరికాల్లో గాలిలోని క్షార ధూళి తగ్గడం వల్ల సల్ఫర్ తగ్గించిన ఫలం కొంత చేజారిందని లార్స్ హెడిన్, జీన్ లైకెన్స్ తదితర శాస్త్రవేత్తలు 1994లోనే చూపారు.

వాయువును పొగగొట్టం దగ్గరే పట్టే పద్ధతిలో వాడేది మళ్లీ సున్నపురాయే. దాని ముద్దను పొగ మీద చల్లితే సల్ఫర్ డయాక్సైడ్ జిప్సంగా మారుతుంది. ఆ రాయి మన యర్రగుంట్ల, తాడిపత్రి ప్రాంతాల్లో సిమెంటు కోసం తవ్వుతున్నదే. బొగ్గు విద్యుత్ కేంద్రాలు రెండేళ్లలో సల్ఫర్ డయాక్సైడ్ పరిమితులు పాటించాలని కేంద్రం 2015 డిసెంబరులో ఆదేశించింది. గడువు పలుమార్లు జరిగింది. 2025 జులైలో దేశంలోని మెజారిటీ కేంద్రాలను ఈ నిబంధన నుంచి తప్పించి, ఢిల్లీ రాజధాని ప్రాంతానికీ పది లక్షల జనాభా దాటిన నగరాలకూ 10 కిలోమీటర్ల లోపు ఉన్నవాటికి మాత్రం 2027 చివరి వరకు గడువిచ్చారు. సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో ఒకటి రెండు రోజులు నిలుస్తుంది, ఆ సమయంలో వందల కిలోమీటర్లు ప్రయాణిస్తూ దారిలోని ప్రతి ధూళి రేణువు మీదా సల్ఫేటుగా మారుతూ పోతుంది.