ఉప్పు చరిత్ర: మన సీమలో అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెబుతాను. ఉప్పు అనగానే అందరూ దండి దగ్గరే మొదలుపెట్టి, అక్కడే ఆపేస్తారు. మన నేల సంగతి ఎవరికీ గుర్తు రాదు. నా బాధంతా అదే.

అపోహ: సముద్రం లేని రాయలసీమలో ఉప్పెక్కడిది?

వాస్తవం: మిద్దె కారకుండా పైన చౌడు పోయడం మీరు చూసే ఉంటారు. ఆ చౌడు నేలల్లోనే ఉప్పు తీసేవారు. ఎండాకాలం నేల మీద తెల్లగా పూసిన పొరను గీకి తెచ్చి, దిబ్బ మీద గుంట చేసి అందులో పోసి, నీళ్లు పట్టేవారు. కిందికి దిగిన ఉప్పునీటిని గచ్చు మళ్లలో ఎండబెడితే ఉప్పు తేలేది. ఈ పని చేసింది ఉప్పరవాళ్లు. వాళ్ల పేరులోనే ఉప్పుంది!

అపోహ: నాణ్యత లేక ఆ ఉప్పు పోయింది.

వాస్తవం: ఇది నేను అస్సలు ఒప్పుకోను. సముద్రపు ఉప్పంత తెల్లగా ఉండేది కాదు, నిజమే. కానీ పేదలకు అందే ధరలో దొరికేది. 1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు వ్యాపారం ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యం కిందికి వెళ్లింది. తీరంలో ఉప్పు కొటార్ల దగ్గర కాపలా పెట్టి పన్ను రాబట్టడం సులువు. ఊరూరా చౌడు గీకేవాళ్ల దగ్గర అది కుదరదు. 19వ శతాబ్దం ముగిసేలోపు చౌడు ఉప్పును అణచివేశారు. ఉప్పరవాళ్లకు ఇక మట్టిపనే దిక్కయింది.

అపోహ: లంబాడీలకు వ్యాపారంతో సంబంధం లేదు.

వాస్తవం: రైలు రాకముందు కోస్తా ఉప్పును పెరికెద్దుల మీద లోపలి ఊళ్లకు చేర్చింది వాళ్లే. తిరుగు ప్రయాణంలో ధాన్యం, పత్తి వేసుకెళ్లేవారు. 1871లో కడప, గుత్తి మీదుగా మద్రాసు రైలు మార్గం రాయచూరు చేరాక ఆ బతుకుతెరువు దెబ్బతింది.

అపోహ: రోమన్ సైనికులకు జీతంగా ఉప్పే ఇచ్చేవారు.

వాస్తవం: జీతానికి వాడిన లాటిన్ మాటలో ఉప్పు ఉంది, అంతే. ఉప్పునే జీతంగా ఇచ్చారనడానికి ఆనాటి ఆధారం లేదు.

అపోహ: ఉప్పు పన్ను బ్రిటిష్‌వాళ్ల సృష్టి.

వాస్తవం: కౌటిల్యుని అర్థశాస్త్రంలోనే లవణాధ్యక్షుడున్నాడు. బ్రిటిష్‌వాళ్లు దాన్ని పేదవాడి మెడకు చుట్టారు. 1923లో మణుగుకు (సుమారు 37 కిలోలు) రూపాయి పావలా ఉన్న పన్నును రెండున్నర రూపాయలు చేశారు.

మీ ఊళ్లో పాత ఉప్పు దిబ్బల ఆనవాళ్లు ఏమైనా మిగిలి ఉంటే, పొలం చదును చేసేలోపే ఒక ఫొటో తీసి, పెద్దవాళ్లు చెప్పేది రాసిపెట్టండి.