చందమామ మీద ఇప్పుడు పగలా రాత్రా?

బుజ్జీ, చిన్నోడా,

మొన్న పున్నమి రోజు మా దిల్‌సుఖ్‌నగర్ ఇంట్లో కరెంటు పోతే అందరం డాబా ఎక్కాం కదా, అప్పుడు బుజ్జి అడిగింది, తాతా మనకి రాత్రయింది మరి చందమామ మీద ఇప్పుడు పగలా రాత్రా అని. ఇంతలో కరెంటొచ్చింది, మీరు కిందికి ఉరికారు, పొద్దున్నే మియాపూర్ వెళ్ళిపోయారు. అందుకే ఈ ఉత్తరం.

సంక్రాంతి సెలవుల్లో పొద్దున్నే చిలుకూరు వెళ్ళాం గుర్తుందా? చిన్నోడు చేతులు జోడించి ఉన్నచోటే గుండ్రంగా తిరిగాడు, ఆత్మప్రదక్షిణ. తిరుగుతుంటే ఎండ ఒకసారి మొహం మీద, ఒకసారి వీపు మీద. మొహం మీద పడితే పగలు, వీపు మీదకి పోతే మొహానికి రాత్రి. భూమి చేసేదీ అదే, ఎండలో ఒక్క చుట్టుకి 24 గంటలు. మరి వాడికి తిరిగినట్టు మనకి కళ్ళు తిరగవేం అంటే నేల, గాలి, ఇల్లు, హుస్సేన్ సాగర్ నీళ్ళు అన్నీ మనతో పాటే కుదుపు లేకుండా తిరుగుతున్నాయి, హైదరాబాద్ దగ్గర ఆ వేగం గంటకి దాదాపు 1,590 కిలోమీటర్లు! తూర్పుకి తిరుగుతాం కాబట్టి వైజాగ్‌లో పిన్నికి మనకంటే ఇరవై నిమిషాల ముందే తెల్లారుద్ది. సూర్యుడు పోయాడు అంటాం గానీ ఆయన ఎక్కడికీ పోలేదు, మనమే మొహం తిప్పుకున్నాం. మనసు బాగోనప్పుడు నేను ఈ మాట గుర్తు తెచ్చుకుంటా, మీరూ తెచ్చుకోండి.

ఇక అమ్మమ్మ ఆ రోజు 108 ప్రదక్షిణలు చేసింది, చేతిలో కార్డు, చుట్టుకో టిక్కు. ఎన్ని చుట్లు తిరిగినా కుడి భుజం స్వామి వైపే, ఎడమ పక్క ఆయనకి కనపడనే లేదు. చందమామ కూడా అంతే, మన చుట్టూ తిరుగుతూ ఒక పక్కే చూపిస్తాడు. అంటే తన చుట్టూ తాను తిరగట్లేదా అంటే తిరుగుతున్నాడు, అమ్మమ్మ గుడికి ఉత్తరం పక్కన నడిచేటప్పుడు ఎండకి కళ్ళు చికిలించింది, దక్షిణం పక్కకి వచ్చేసరికి వీపు చుర్రుమంది, చుట్టు పూర్తయ్యేసరికి నాలుగు దిక్కులకీ మొహం పెట్టేసింది. చుట్టుకి ఒక పగలు, ఒక రాత్రి. కాకపోతే చందమామకి ఆ పగలూ రాత్రీ కలిపి 29న్నర రోజులు, అంటే అక్కడ ఒక పగలు మనకి రెండు వారాలు, రాత్రి ఇంకో రెండు వారాలు.

2023 ఆగస్టు 23న మన చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చందమామ మీద దిగింది కూడా అక్కడ తెల్లారాకే. ఆ ఒక్క పగలు పనిచేసింది, సెప్టెంబర్ మొదట్లో పడుకోబెట్టారు. అక్కడ గాలి లేదు, వేడి నిలవదు, రాత్రి చలి సున్నాకి వంద డిగ్రీలు దాటి కిందికి పోతుంది. మళ్ళీ తెల్లారాక లేపి చూశారు, లేవలేదు.

నాకు పదేళ్ళప్పుడు, 1969 జులై 21 సాయంత్రం, బాపు రేడియో ఆకిట్లో పెట్టాడు, ఊరంతా మా ఇంటి ముందే. మబ్బుల సందున సగం చందమామ, దాని మీద ఆ టైంకి ఇద్దరు మనుషులున్నారు! మా నాయనమ్మ పాలు తోడుపెడుతూ, పాపం వాళ్ళకి అక్కడ పొద్దా రాత్రా అంది, అచ్చం బుజ్జిలాగే. ఎవ్వరం చెప్పలేకపోయాం. తర్వాతెప్పుడో చదివా, వాళ్ళు కావాలనే అక్కడి పొద్దుటిపూట దిగారంట, ఏటవాలు ఎండలో నీడలు పొడుగ్గా పడి గుంటలూ రాళ్ళూ బాగా తెలుస్తాయని.

బుజ్జీ, మొన్న పున్నమికి నువ్వు చూసిందంతా పగలే, నడిమధ్యన మిట్టమధ్యాహ్నం. ఇప్పుడొక పని చెయ్యండి. అమావాస్య పోయాక వచ్చే అష్టమికి చీకటి పడగానే డాబా ఎక్కి సగం చందమామని చూడండి, వెలుగూ చీకటీ కలిసేచోట నిలువుగా ఒక గీత ఉంటుంది. ఆ గీత మీద ఇప్పుడే సూర్యుడు పొడుస్తున్నాడు. మర్నాడు మళ్ళీ ఎక్కండి, ఆ తెల్లవారుజాము ఎంత జరిగిందో నోట్‌బుక్‌లో గీసి నాకు పంపండి.

మీ తాత